వేడిగాలి ధారతో వంట: మా బేకరీలో జనం అడిగే ప్రశ్నలు, నా జవాబులు

తిరుపతి బైరాగిపట్టెడలో మాదొక చిన్న బేకరీ. పఫ్‌లు, బన్నులు, కేకులు, సాయంత్రమైతే పిజ్జా. పిజ్జా కోసం బెల్టు మీద కదిలే ఓవెన్ పెట్టినప్పటి నుంచీ, ఇళ్లల్లోకి ఎయిర్ ఫ్రయర్‌లు వచ్చినప్పటి నుంచీ, బిల్లు కట్టేలోపు ఏదో ఒక ప్రశ్న అడగకుండా వెళ్లేవాళ్లు తక్కువ. నేను చదివింది మెకానికల్ డిప్లొమా. కాలేజీలో బట్టీపట్టిన ఉష్ణ బదిలీ పాఠం నాకు అర్థమైంది మాత్రం ఈ ఓవెన్ ముందే. అందుకే ఈ ప్రశ్నలంటే నాకు ఇష్టం. కౌంటర్ దగ్గర సగంలో ఆపేసిన జవాబులన్నీ ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

వేడిగాలి ధారతో వంట అంటే ఏమిటి? మామూలు ఓవెన్ కూడా వేడిగాలే కదా?

మామూలు ఓవెన్‌లో గాలి వేడెక్కి, దాని పాటికది మెల్లగా పైకీ కిందకీ తిరుగుతుంది. ఫ్యాను ఉన్న ఓవెన్‌లో అది కాస్త జోరుగా తిరుగుతుంది. మా పిజ్జా ఓవెన్ పద్ధతి వేరు. అందులో ఫ్యాను వేడిగాలిని ఒక పెట్టెలోకి తోస్తుంది, ఆ పెట్టెకున్న రంధ్రాల్లోంచి గాలి సన్నటి ధారలుగా నేరుగా పదార్థం మీదికి దూసుకొస్తుంది. పైనుంచీ కిందనుంచీ కూడా. పెద్ద యంత్రాల్లో ఈ ధారల వేగం సెకనుకు 10 నుంచి 50 మీటర్ల దాకా ఉంటుంది.

డొనాల్డ్ స్మిత్ అనే అమెరికన్ ఈ రకం ఓవెన్‌కి 1975లో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాతి దశాబ్దంలో పిజ్జా కంపెనీలు దీన్ని అందిపుచ్చుకున్నాయి. ఇదే సూత్రాన్ని ఫ్యాక్టరీల్లో కాగితం ఆరబెట్టడానికీ, విమానం ఇంజిన్‌లో టర్బైన్ రెక్కల్ని చల్లబరచడానికీ కూడా వాడతారు. గాలి వేడిదైతే వేడెక్కిస్తుంది, చల్లనిదైతే చల్లబరుస్తుంది, లెక్క మాత్రం మారదు.

డిగ్రీలు అవే అయినప్పుడు తొందరగా ఎలా ఉడుకుతుంది?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఇది అర్థమైతే మిగతా ప్రశ్నలు సగం తీరిపోతాయి.

మే నెలలో మన ఊరి ఎండ గుర్తుచేసుకోండి. బయట 42 డిగ్రీలు. చెట్టు నీడలో కదలకుండా నిలబడితే ఎలాగోలా ఓర్చుకుంటాం. అదే ఎండలో రేణిగుంట రోడ్డు మీద బండి తోలుకుంటూ పోతే ముఖానికి సెగ కొడుతుంది. గాలి వేడి మారలేదు, మారింది వేగం. మన ఒంటిని అంటుకుని ఎప్పుడూ ఒక పలచటి గాలి పొర ఉంటుంది. అది దాదాపు కదలదు. గాలికి వేడిని మోసుకుపోయే గుణం చాలా తక్కువ కాబట్టి, ఆ పొర మనకు కప్పుకున్న దుప్పటిలా పనిచేస్తుంది. బండి వేగానికి దుప్పటి పలచబడుతుంది, బయటి సెగ నేరుగా తగులుతుంది. వేడి టీని ఊదుకుని తాగడమూ ఇదే, కాకపోతే అక్కడ వేడి టీలోంచి బయటికి పోతుంది.

పిజ్జా మీద కూడా అలాంటి దుప్పటే ఉంటుంది. ధార నిటారుగా వచ్చి తగిలిన చోట ఆ పొర బాగా పలచనైపోతుంది.

ఇప్పుడు అంకెల్లో చూద్దాం. పదార్థంలోకి వెళ్లే వేడిని లెక్కగట్టాలంటే మూడు సంఖ్యలు గుణించాలి: పదార్థం వైశాల్యం, గాలికీ పదార్థం పైభాగానికీ మధ్య డిగ్రీల తేడా, ఉష్ణ బదిలీ గుణకం. మూడోదే ఈ దుప్పటి మందాన్ని చెప్పే సంఖ్య. కదలని గాలిలో అది సుమారు 10 ఉంటుంది, అంటే చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీ తేడాకు 10 వాట్లు. ఫ్యాను ఓవెన్‌లో 20 నుంచి 40. గట్టి ధారలైతే 100 దాటుతుంది. 12 అంగుళాల పిజ్జా పైభాగం 0.07 చదరపు మీటర్లు. గాలి 250 డిగ్రీలు, పిజ్జా పైభాగం 100 డిగ్రీలు అనుకుంటే, కదలని గాలి నుంచి దానికి అందేది దాదాపు 105 వాట్లు. ధారల కింద 1050 వాట్లు. ఒక పాతకాలపు బల్బుకీ ఇస్త్రీ పెట్టెకీ ఉన్నంత తేడా! గోడలూ కాయిలూ నేరుగా విసిరే సెగ కూడా ఉంటుంది కాబట్టి మామూలు ఓవెన్‌లో నిజంగా తేడా పదింతలు ఉండదు. అయినా 12 నిమిషాలు పట్టే పిజ్జా మా దగ్గర ఆరు నిమిషాల్లో బయటికొస్తుంది.

ధార తగిలిన చోటే ఎక్కువ కాలుతుందా? మచ్చలు పడవా?

పడతాయి. నా కళ్లతో చూశాను. ఓవెన్ కొన్న కొత్తలో ఒక ఆదివారం సాయంత్రం బెల్టు గొలుసు చక్రం పళ్ల మీద నుంచి జారింది. బెల్టు ఆగింది కానీ ఫ్యానూ వేడీ ఆగలేదు. మేం గమనించేసరికి లోపల రెండు పిజ్జాలు. బయటికి లాగి చూస్తే చీజ్ మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చలు, వరసలు వరసలుగా, వాకిట్లో ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు. చుక్కకీ చుక్కకీ మధ్య చీజ్ ఇంకా తెల్లగా, సాగుతూ ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. పై ప్లేటులో రంధ్రాల మధ్య ఎంత దూరమో, మచ్చల మధ్య కూడా సరిగ్గా అంతే. డబ్బులు పోయాయన్న బాధ కన్నా, పుస్తకంలో గీతలుగా చూసిన బొమ్మ చీజ్ మీద కనబడిందన్న ఆశ్చర్యమే నాకు ఎక్కువ గుర్తుంది.

ధార నడిమి భాగం పదార్థాన్ని గుద్దుకున్న చోట వేడి అత్యధికంగా దిగుతుంది. అక్కడినుంచి గాలి నాలుగు పక్కలకీ పరుచుకుంటూ పోతుంది, పోయేకొద్దీ దుప్పటి మళ్లీ మందమవుతుంది, వేడి తగ్గుతుంది. పక్కపక్క ధారల గాలి ఎదురెదురుగా కొట్టుకునే చోట మళ్లీ కొంత తేడా వస్తుంది. అందుకే యంత్రాల్లో పదార్థాన్ని కదిలిస్తారు. మా బెల్టు పని అదే. ఇంట్లో ఎయిర్ ఫ్రయర్ బుట్టను మధ్యలో లాగి ఒకసారి కుదపమని చెప్పేదీ అందుకే. చాలామంది దాన్ని పట్టించుకోరు. దయచేసి కుదపండి.

రంధ్రానికీ పదార్థానికీ మధ్య ఎంత దూరం ఉండాలి?

గుండ్రటి రంధ్రమైతే దాని వ్యాసానికి ఆరు నుంచి ఎనిమిది రెట్ల దూరంలో ధార నడిమధ్య దెబ్బ బాగా తగులుతుంది. ఒక సెంటీమీటరు రంధ్రానికి ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు. మరీ దూరమైతే ధార చుట్టూ ఉన్న గాలిని కలుపుకుని వేగం పోగొట్టుకుంటుంది. ఇంట్లో వాడేవాళ్లకు ఈ లెక్కతో పని లేదు. సెకండ్ హ్యాండ్ పిజ్జా ఓవెన్ కొని బెల్టు ఎత్తు మారుద్దాం అనుకునేవాళ్లు మాత్రం ముందు కొలిచి చూసుకోండి.

ఎయిర్ ఫ్రయర్ కూడా ఇదేనా?

దీనికి చుట్టమే. 2010లో ఫిలిప్స్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన ఎయిర్ ఫ్రయర్‌లో పైన కాయిల్, దానిమీద ఫ్యాను, కింద జల్లెడ బుట్ట. అందులో సన్నటి ధారలు ఉండవు. గాలి మొత్తం సుడిగా తిరుగుతూ బుట్ట సందుల్లోంచి పోతుంది. కానీ పెట్టె చిన్నది, ఫ్యాను జోరుది, కాయిల్ దగ్గరగా ఉంటుంది. అందువల్ల పెద్ద ఓవెన్ కన్నా త్వరగా పనవుతుంది. పేరులో ఫ్రయర్ ఉన్నా అది వేయించదు, బేక్ చేస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే కొన్నాక నిరాశపడరు.

ఉద్దివడ వస్తుందా, అన్నా?

మా అమ్మ మొదటిరోజే తేల్చేసింది: "నూనె లేకుండా వడ ఎట్లొస్తాదిరా?" నేను మూడుసార్లు ప్రయత్నించాను. అమ్మ మాటే నిజమైంది.

ఎందుకో చెప్తాను. 180 డిగ్రీల నూనెలో పిండి పడగానే బుడగలు లేస్తాయి చూడండి, అవి పిండిలోంచి ఆవిరై బయటికొస్తున్న నీళ్లు. ఆ బుడగలు నూనెను పిండి చుట్టూ గిలక్కొడతాయి. అప్పుడు ఉష్ణ బదిలీ గుణకం కొన్ని వందలకు పోతుంది. వంట ఓవెన్‌లో గాలి ధార మామూలుగా అంత ఇవ్వలేదు. పైగా నూనె వడను అన్ని పక్కలా ఒకేసారి పట్టుకుని, జారే పిండికి క్షణాల్లో ఒక పెంకు కడుతుంది, ఆకారం నిలబెడుతుంది. బుట్టలో అదే పిండి జల్లెడ కంతల్లోంచి కిందికి జారిపోతుంది. ఆకు మీద తట్టి పెట్టినా లోపల గుల్ల రాదు, పైన ఎండుతుంది, తింటే రొట్టెలా ఉంటుంది. బజ్జీ, బోండా, జారుగా కలిపిన పకోడీ, ఇవన్నీ అంతే.

బాగా వచ్చేవీ ఉన్నాయి. ఉర్లగడ్డ ముక్కలు, మసాలా పట్టించిన చికెన్, చేపముక్కలు, వేయించిన శెనక్కాయ గింజలు, కాకరకాయ చక్రాలు. గట్టిగా రుబ్బి, పైన కాస్త నూనె రాసి పెడితే అలసంద వడ కూడా తినేలా ఉంటుంది. నూనె రాయడం రుచి కోసమే కాదు. ఎగుడుదిగుడు పైభాగం మీద అది సమంగా పరుచుకుని, వేడి అంతటా అందేలా చూస్తుంది, రంగు కూడా సమంగా వస్తుంది.

శ్రీవారి లడ్డు బూందీని ఇలా చేయొచ్చా?

కుదరదు. బూందీ గుండ్రంగా నిలబడేదే నెయ్యిలో పడ్డాక. జల్లి గరిటె నుంచి రాలిన చుక్కను నెయ్యి చుట్టుముట్టి గట్టిపరుస్తుంది. గాలి ఆ చుక్కను పట్టుకోలేదు. దానికి నేతి బాణలి కావాల్సిందే.

పైన మాడిపోయి లోపల పచ్చిగా ఎందుకు ఉంటోంది?

ధార చేయగలిగింది పైభాగం దాకానే. పైభాగానికి చేరిన వేడి లోపలికి దిగాలంటే పదార్థం గుండానే మెల్లగా పాకాలి. దాన్ని ఏ ఫ్యానూ తొందరపెట్టలేదు. ఉర్లగడ్డ, మాంసం లాంటి తడి పదార్థాల్లో వేడి అర సెంటీమీటరు లోతుకు చేరడానికి ఉరామరిగా మూడు నిమిషాలు పడుతుంది. ఒక సెంటీమీటరుకు ఆరు కాదు, పన్నెండు. రెండు సెంటీమీటర్లకు నలభై ఎనిమిది. లోతు రెట్టింపైతే సమయం నాలుగింతలు.

కాబట్టి సన్నటి వస్తువుకు ధార వరం. మందపాటి దానికి అదే ధార శత్రువు, ఎందుకంటే లోపలికి వేడి చేరేలోపు పైభాగం మాడిపోతుంది. చికెన్ లెగ్ పీసుకు గాట్లు పెట్టండి, లేదా 200 బదులు 160 డిగ్రీల్లో మొదలుపెట్టి చివరి ఐదు నిమిషాలు పెంచండి. ఉర్లగడ్డ వేలంత మందం కన్నా లావుగా తరిగితే ముందు సగం ఉడికించుకోండి. చికెన్ ఎముక దగ్గర 74 డిగ్రీలు చేరిందో లేదో చిన్న థర్మామీటరు గుచ్చి చూసుకోవడం మంచిది. రంగు చూసి నమ్మొద్దు, ఈ పద్ధతిలో రంగు ముందే వచ్చేస్తుంది.

తడి తుడవమని ఎందుకంత గట్టిగా చెప్తారు?

పైభాగంలో నీళ్లు ఉన్నంతసేపు ఆ చోటు 100 డిగ్రీలు దాటదు కాబట్టి. గాలి 200 ఉన్నా, 250 ఉన్నా అంతే. వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఎర్రటి రంగూ కమ్మటి వాసనా తెచ్చే మార్పు జోరందుకోవాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త మయార్ 1912లో వివరించిన చర్య ఇది, ఆయన పేరుతోనే పిలుస్తారు. నీళ్లు పోతేగానీ 140 రాదు.

నీళ్లు పోవడం చిన్న పని కాదు. వంద గ్రాముల మరుగుతున్న నీళ్లు ఆవిరవడానికి 226 కిలోజౌళ్లు కావాలి. 1500 వాట్ల యంత్రం తన బలమంతా దానికే పెట్టినా రెండున్నర నిమిషాలు. అసలు లెక్కలో కొంత వేడి గోడలకూ బయటికీ పోతుంది. కడిగిన ఉర్లగడ్డ ముక్కల్ని ఒక తువ్వాలులో పరిచి అద్ది, పది నిమిషాలు ఫ్యాను కింద ఆరబెట్టండి. అదే ఖర్చులేని కరకర.

బుట్ట నిండా వేస్తే ఏమవుతుంది?

గాలికి దారి మూసుకుపోతుంది. ముక్కల మధ్య ఆవిరి ఇరుక్కుని అవి ఉడుకుతాయి, వేగవు. ఒక వరస, మహా అయితే ఒకటిన్నర. నలుగురికి కావాలంటే రెండు వాయిలు వేయండి.

లోపల కాగితం, ఫాయిల్ వేయొచ్చా?

బుట్ట అడుగంతా కప్పేయొద్దు, కింద తిరగాల్సిన గాలిని మీరే ఆపినట్టవుతుంది. వెన్న కాగితం వేస్తే కంతలున్నదే వేయండి, దాని మీద బరువు ఉండాలి. ఖాళీ యంత్రాన్ని వేడిచేస్తున్నప్పుడు ఒట్టి కాగితం పెడితే గాలికి లేచి కాయిల్‌కి అంటుకుని కాలుతుంది. ఇది నిజంగా ప్రమాదం.

మీ పఫ్ ఇంట్లో మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడిపోతోంది. ఏం చేయాలి?

మైక్రోవేవ్ పఫ్ లోపలి నీటిని వేడిచేస్తుంది. ఆ ఆవిరి బయటికి వచ్చేసరికి పొరలు తడుస్తాయి, చుట్టూ గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఆరబెట్టే దిక్కు ఉండదు. ఎయిర్ ఫ్రయర్‌లో 160 డిగ్రీల్లో నాలుగైదు నిమిషాలు పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టిన ఎగ్ పఫ్ అయితే ముందు మైక్రోవేవ్‌లో ఇరవై సెకన్లు, ఆ తర్వాత వేడిగాలిలో మూడు నిమిషాలు. లోపలి గుడ్డు వేడెక్కుతుంది, పైపొర విరుగుతుంది. కొన్ని పెద్ద హోటళ్లలో ఈ రెండూ కలిపిన యంత్రాలు కూడా ఉంటాయి.

కేకు పైన పగిలి ఒక పక్కకు ఒరుగుతోంది. ఎందుకు?

గాలి మరీ గట్టిగా తగులుతోంది. కేకు పొంగడం పూర్తికాకముందే పైభాగం గట్టిపడితే, లోపలినుంచి పొంగేది ఆ పెంకును చీల్చుకుని వస్తుంది. ఫ్యాను వేగం తగ్గించే వీలుంటే తగ్గించండి, లేకపోతే మొదటి 15 నిమిషాలు గిన్నె మీద వదులుగా ఫాయిల్ కప్పండి. కేకులకు నేనిప్పటికీ పాత డెక్ ఓవెన్‌నే, అంటే గాలి ధారలు లేని అరల ఓవెన్‌నే వాడతాను. ధార ఓవెన్ ఉంది కదా అని దాంట్లోకి మార్చమని ఒక సప్లయర్ చాలా పట్టుబట్టాడు, అన్నిటికీ ఇదే చాలన్నాడు. ఆ మాట నమ్మి ఒకరోజు రెండు డజన్ల కప్ కేకులు పారబోశాను. మెత్తగా, నెమ్మదిగా పొంగాల్సినవాటికి నెమ్మదైన వేడే సరైనది.

ఓవెన్ వంటకాన్ని ఎయిర్ ఫ్రయర్‌కి ఎలా మార్చుకోవాలి?

20 డిగ్రీలు తగ్గించి, చెప్పిన సమయంలో ముప్పావు వంతు అవగానే తెరిచి చూడండి.

కరెంటు బిల్లు?

1500 వాట్ల యంత్రం 20 నిమిషాలు ఆగకుండా పనిచేస్తే అర యూనిట్. థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంది కాబట్టి అంతకన్నా తక్కువే. టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

ఎండాకాలంలోనో కొండల మీదో తేడా వస్తుందా?

200 డిగ్రీల గాలికి బయట 25 ఉన్నా 42 ఉన్నా వంటలో పెద్ద తేడా రాదు. కొండల మీద మాత్రం కాస్త వస్తుంది. హార్స్‌లీ హిల్స్ 1200 మీటర్లకు పైగా ఎత్తు, అక్కడ నీళ్లు సుమారు 96 డిగ్రీలకే మరుగుతాయి. పైతడి త్వరగా ఆరుతుంది, లోపల ఉడకడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది.

నూనె తక్కువ కాబట్టి ఆరోగ్యానికి మంచిదేనా?

నూనె తగ్గుతుంది, అది నిజం. కానీ అదొక్కటే చూడకండి. ఉర్లగడ్డ లాంటి పిండిపదార్థాలు 120 డిగ్రీలు దాటి బాగా ఎర్రబడితే క్యాన్సర్‌కు కారణం కావచ్చని అనుమానించే అక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. నూనెలో వేయించినా, గాలిలో కాల్చినా పుడుతుంది. బంగారు రంగు రాగానే ఆపేయండి, నలుపు దాకా పోనివ్వొద్దు. ముక్కల్ని తరిగాక అరగంట నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఆరబెడితే, అక్రిలమైడ్ పుట్టడానికి కావాల్సిన చక్కెర కొంత దిగిపోయి ఇది తగ్గుతుంది. పిల్లలకు రోజూ చేసిపెట్టే అమ్మలకు ఈ సంగతి తప్పకుండా చెప్తాను.

కొన్నప్పుడు బాగా పనిచేసింది, ఇప్పుడు సరిగా కాలడం లేదు.

ముందు జిడ్డు చూడండి. కాయిల్ మీద, ఫ్యాను రెక్కల మీద, కంతల్లో పేరుకున్న నూనె గాలి వేగాన్ని తగ్గిస్తుంది. పైన చెప్పిన దుప్పటి మందమవుతుంది. ఉష్ణోగ్రత అంకె మాత్రం అదే చూపిస్తుంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక, గోరువెచ్చటి సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. మా ఓవెన్ రంధ్రాల ప్లేట్లను ప్రతి సోమవారం విప్పి కడుగుతాం.

నా యంత్రంలో వేడి ఎక్కడ ఎక్కువ తగులుతోందో తెలుసుకునే మార్గం ఉందా?

ఉంది, నలభై రూపాయల బ్రెడ్ ప్యాకెట్ చాలు. తెల్ల బ్రెడ్ ముక్కల్ని అడుగంతా పక్కపక్కన పరచండి. ఎయిర్ ఫ్రయర్‌లో అవి గాలికి లేస్తాయి, పైన స్టీలు గ్రిల్ పెట్టండి. 180 డిగ్రీల్లో నాలుగు నిమిషాలు, కుదపకుండా. తీసి, పెట్టిన వరసలోనే బల్ల మీద పేర్చి ఫోటో తీసుకోండి. ఎర్రబడ్డ చోట గాలి గట్టిగా తగులుతోంది, తెల్లగా మిగిలిన చోట దారి లేదు. మా ఓవెన్‌లో కుడి మూల ఎప్పుడూ తెల్లగా మిగిలేది. ప్లేటు విప్పి చూస్తే ఆ మూలలో నాలుగు రంధ్రాలు కాలిపోయిన చీజ్‌తో మూసుకుపోయి ఉన్నాయి. అగ్గిపుల్లతో పొడిచి తీశాను. మర్నాడు మళ్లీ బ్రెడ్ పరిచి చూస్తే నాలుగు మూలలూ ఒకే రంగు.